రెండో సగం

మా చిన్నదానికి మంగళవార్త జపం సగమే వచ్చు. అదీ రెండో సగం. ఈ సంగతి ఇంట్లో చాలాకాలం ఎవరూ గమనించలేదు. రోజూ సాయంత్రం దీపాలు పెట్టాక, మా ఆయన గేదెల పని ముగించుకుని కాళ్ళు కడుక్కుని వచ్చాక, ముందు గదిలో మరియమ్మ పటం ముందు చాప వేస్తాం. జపమాల అత్తయ్య చేతిలో ఉంటుంది. మొదటి సగం ఆవిడ చెబుతుంది, రెండో సగం మేమంతా కలిసి అందుకుంటాం. చాలా క్యాథలిక్ ఇళ్ళలో పద్ధతి ఇదే కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదు. ఒకరోజు అత్తయ్యకి దగ్గు తెర పట్టుకుంది. "ఈ పది పూసలూ నువ్వు చెప్పవే తల్లీ" అని చిన్నదాని చేతిలో జపమాల పెట్టింది. అది నిటారుగా కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుని, ఏ తడబాటూ లేకుండా రెండో సగంతో మొదలుపెట్టేసింది. బదులు ఏం చెప్పాలో తెలియక మేం నోళ్ళు తెరుచుకుని ఉండిపోయాం. పెద్దాడు కిసుక్కున నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. ఒక్క క్షణం ఆగి, దగ్గు మింగుకుని, మొదటి సగాన్ని బదులుగా అందుకుంది. ఆ పదీ అలా తలకిందులుగానే నడిచింది. పిల్ల ముందు అడగడం, పెద్దావిడ తర్వాత మంగళం పలకడం. త్రిత్వ స్తోత్రం దగ్గరికి వచ్చాకగానీ మళ్ళీ దారిలో పడలేదు. పిల్లలన్నాక ఇలాంటివి సవాలక్ష చేస్తారు. నవ్వుకుని వదిలేయాల్సిన దాన్ని, ఇది మాత్రం నన్ను పట్టుకుని వదలడం లేదు.

ఎందుకంటే ఆ జపం నిజంగానే రెండు అతుకుల జపం. మొదటి సగం లూకా సువార్త మొదటి అధ్యాయంలోది. గబ్రియేలు దూత మరియమ్మకి చెప్పిన శుభవచనం ఒకటి, చుట్టం ఎలిజబెతమ్మ గడపలో ఎదురొచ్చి అన్న మాట ఇంకొకటి. అందులో అడగడం ఎక్కడా లేదు, పలకరింపూ పొగడ్తా తప్ప. రెండో సగం సువార్తలో కనిపించదు. అది జనం మనవి. పాపులమైన మా కోసం ఇప్పుడూ, చావు ఘడియలోనూ వేడుకోమని. ఈ రెండో సగం ఇప్పుడు మనం చెప్పే రూపంలో అధికారికంగా స్థిరపడింది 1568లో, ఐదవ పయస్ పోపు వెలువరించిన ప్రార్థన గ్రంథంలో. అంతకు ముందు కూడా జనం నోళ్ళలో అది రకరకాలుగా నలుగుతూనే ఉంది. అయినా చూడండి, పలకరింపు నుంచి మనవి దాకా రావడానికి తిరుసభకి అన్ని వందల ఏళ్ళు పట్టింది. మా చిన్నది మాత్రం మనవి దగ్గరే మొదలుపెట్టింది. ఏది సహజం? పిల్లలు ముందు నేర్చుకునేది దణ్ణాలూ నమస్కారాలూ కాదు కదా. ఆకలేస్తే ఏడవడం, కావలసిందానికి చెయ్యి చాపడం. నమస్తే చెప్పమని మనం మెడ మీద చెయ్యేసి నేర్పేది ఆ తర్వాత చాలా కాలానికి. ఆ లెక్కన మా పిల్ల వరసే సరైనదేమో అని ఒకసారి అనిపిస్తుంది. మరుక్షణమే, ఇంత చిన్న దానికి ఇంత పెద్ద వ్యాఖ్యానం అవసరమా అని నన్ను నేనే విసుక్కుంటాను.

మేముండేది రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలో ఒక క్యాంపులో. క్యాంపు అంటే గుడారాలు అనుకునేరు, మేడలున్న ఊరే. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయ్యాక, ఎడమ కాలవ కింద నల్లరేగడి చవకగా దొరుకుతుందని విని గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి ఉన్నదమ్ముకుని వచ్చిన కుటుంబాలు వేసుకున్న ఊళ్ళివి. మొదట్లో గుడిసెలే కాబట్టి ఆ పేరు అలాగే నిలిచిపోయింది. మా మామయ్యగారి నాన్న అలా వచ్చినవాళ్ళలో ఒకరు. వాళ్ళు తెచ్చుకున్న సామాన్లలో ఒక గడ్డపార, రెండు ఇత్తడి బిందెలు, గుడ్డలో చుట్టిన దేవమాత పటం ఉన్నాయని అత్తయ్య చెబుతుంది. బిందెలు ఎటో పోయాయి. పటం మాత్రం ఉంది, మేం చాప వేసేది దాని ముందే. నేను ఫిరంగిపురం వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడ బాలయేసు గుడి గంట వింటూ పెరిగినదానికి ఇక్కడ గుడి గంట వినపడకపోవడం మొదట్లో చాలా వెలితిగా ఉండేది. ఆదివారం పూజకి టౌనుకి వెళ్ళాలి. పూజ కన్నడంలో. మా విచారణ బళ్ళారి పీఠం కిందిది. పిల్లల బడిలో పొద్దున్నే ప్రార్థన ఇంగ్లీషులో. అందువల్ల పరలోక జపం మా పిల్లలకి మూడు రకాలుగా వచ్చు. పెద్దాడు వాటికి పేర్లు కూడా పెట్టాడు: బడి జపం, గుడి జపం, నాయనమ్మ జపం. మూడూ ఒకటేరా అంటే ఒప్పుకోడు. "బడి జపం నిలబడి చెప్పాలి, గుడి జపం అందరితో చెప్పాలి, నాయనమ్మ జపం నిద్రొచ్చేటప్పుడు చెప్పాలి" అంటాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అవి మూడూ ఒకటిగా అనిపించవు. బడిలో చెప్పించేది క్రమశిక్షణ కోసం, గుడిలో చెప్పేది నలుగురితో పాటు. నాయనమ్మ జపానికి మాత్రం ఏ కారణమూ చెప్పలేం. సాయంత్రమైంది కాబట్టి చెబుతాం.

నేర్పడం అనే పని ఎక్కడ మొదలైందా అని వెనక్కి వెళితే, మాటల కంటే ముందు చెయ్యి గుర్తొస్తుంది. సిలువ గుర్తు. నుదురు, రొమ్ము, ఎడమ భుజం, కుడి భుజం. చూడ్డానికి ఇంతేగానీ, ఎదురుగా కూర్చుని నేర్పి చూడండి, తెలుస్తుంది. పిల్లలు మన చెయ్యి ఎటు వెళితే తమ చెయ్యి అటే పోనిస్తారు. మన ఎడమ వాళ్ళకి కుడివైపున కనిపిస్తుంది. దాంతో వాళ్ళు కుడి భుజంతో మొదలుపెడతారు. సరిచేద్దామని మనం తిరగేసి చూపిస్తే, రేపు గుడిలో ఫాదరుగారు ఎదురుగా నిలబడి మామూలుగా వేసేసరికి మళ్ళీ గందరగోళం. అత్తయ్య ఈ చిక్కుని ఒక్క పనితో తీర్చేసింది. పిల్లని ఒళ్ళో వీపు ఆన్చి కూర్చోబెట్టుకుని, వెనక నుంచి దాని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేళ్ళు మూసి, నుదుటికి ఆనించి, బొడ్డు పైదాకా దించి, అటూ ఇటూ తాకించి, చివర అరచేతులు కలిపింది. ఎదురెదురుగా కాదు, ఇద్దరూ ఒకే వైపు చూస్తూ. అలా రోజులు గడిచాక ఒకనాడు చెయ్యి వదిలేసింది, పిల్ల చెయ్యి ఆగకుండా దానంతటదే వెళ్ళింది. పెద్దాడికీ ఇలాగే నేర్పి ఉంటుంది. మా ఆయనకి కూడా. ఆవిడ ఏ సత్యోపదేశ శిక్షణలోనూ కూర్చోలేదు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి. భక్తి గురించి నేను చదివిన పుస్తకాల్లో ఈ ఒళ్ళో కూర్చోబెట్టుకునే సంగతి ఎక్కడా కనపడలేదు. రాసినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, అందులోనూ సన్యాసులు కావడం వల్లేమో.

అర్థం తెలియకుండా వల్లె వేయించడం తప్పు అనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. బడిలో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినా ఇదే. పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి, బట్టీ పట్టించకండి. ఒప్పుకుంటాను. అయితే మన తాతలు అమరం వల్లె వేశారు, సుమతీ శతకం వల్లె వేశారు, పెద్దబాలశిక్ష అటు నుంచి ఇటు అప్పజెప్పారు. అర్థం ఎప్పుడో నలభై ఏళ్ళకి పొలం గట్టు మీద తగిలేది, ఇంకొకరికి తగిలేదే కాదు. క్యాథలిక్ సంప్రదాయంలోనూ ఈ తగువు పాతదే. 1542లో గోవా వచ్చిన ఫ్రాన్సిస్ జేవియర్ చిన్న గంట వాయించుకుంటూ వీధులు తిరిగి పిల్లల్ని పోగేసేవాడట. జపాలు ఒక్కో ముక్క చెప్పి తిరిగి పలికించేవాడు, ఇళ్ళకి వెళ్ళి అమ్మానాన్నలకి నేర్పమని పంపేవాడు. తమిళ తీరంలో ఆయనకి అక్కడి భాష సరిగా రాదు. పక్కన ఎవరో అనువదించి ఇచ్చిన జపాలని ఆయనే బట్టీ పట్టి చెప్పేవాడు. అంటే నేర్పేవాడికీ సగమే అర్థం, నేర్చుకునేవాళ్ళకీ సగమే అర్థం. అయినా అవి ఇంటింటికీ వెళ్ళాయి, అదీ పిల్లల నోటి వెంట. ఇంకోవైపు 1910లో పదవ పయస్ పోపు, ఏడేళ్ళ ప్రాయానికే పిల్లలకి దివ్యసత్ప్రసాదం ఇవ్వొచ్చని ఆజ్ఞ ఇచ్చాడు. అంతకు ముందు చాలా చోట్ల పది పన్నెండేళ్ళ దాకా ఆపేవాళ్ళు, అన్నీ అర్థమయ్యాకే అని. ఆయన అడిగింది చాలా తక్కువ. మామూలు రొట్టెకీ ఈ రొట్టెకీ తేడా తెలిస్తే చాలు, మిగతాది వయసుతో పాటు వస్తుందని. ఆ లెక్కలో ఒక ఔదార్యం ఉంది. అర్థం అనేది ముందే కట్టాల్సిన ప్రవేశ రుసుము కాదని ఆ పెద్దాయన ఒప్పుకున్నాడు. పెద్దాడికి ఇప్పుడు ఆ తరగతులే నడుస్తున్నాయి. "ఆ రొట్టె నాలిక మీద పెట్టుకుంటే కరుగుతుందా, నమలాలా" అన్నదే వాడికి అన్నిటికంటే పెద్ద సందేహం. తేడా తెలిసినట్టా, తెలియనట్టా?

ఈ జిల్లాలోనే ముద్గల్ ఉంది, లింగసుగూరు తాలూకా. రాయచూరు వైపు ముద్గల్ అనగానే ఎవరికైనా మొహర్రం గుర్తొస్తుంది. మతం చూసుకోకుండా జనం విరగబడి వస్తారు. కోట ఉంది. దానితో పాటు, చాలామందికి తెలియని పాత క్యాథలిక్ గుడి ఒకటి ఉంది. జెస్యూట్లు దాన్ని 1557 కంటే ముందే కట్టారనీ, అక్కడి క్రైస్తవులు జేవియర్ శిష్యపరంపరలో ఒక గురువు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందినవాళ్ళ సంతతి అనీ ఇంపీరియల్ గెజిటీరులో ఉంది. 1557 అంటే తళ్ళికోట యుద్ధం ఇంకా జరగలేదు. విజయనగరం నిలబడే ఉంది. మాకు మూడు తరాలే అయింది ఈ జిల్లాలో. వాళ్ళకి నాలుగు వందల యాభై ఏళ్ళు దాటింది. ఒక శెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్ళాం. పెద్దాడికి కోట మీది ఫిరంగి కావాలి, చిన్నదానికి దారిలో అమ్మే మండక్కి కావాలి. గుడిలో కూర్చున్నప్పుడు నాకు తోచింది మాత్రం ఈ పిచ్చి లెక్క. 1557కి ముందే ఇక్కడ మోకరించిన మొదటి పిల్లలు మంగళవార్త జపం ఏ రూపంలో నేర్చుకుని ఉంటారు? రెండో సగం ఖరారైంది 1568లో కదా. ఒకవేళ వాళ్ళకి మొదటి సగమే నేర్పారనుకోండి, లేదా అప్పటికి వాడుకలో ఉన్న మనవి ఏదో ముక్కగా చేర్చారనుకోండి, ఆ పిల్లలకీ మా చిన్నదానికీ కలిపితే ఒక పూర్తి జపం అవుతుంది. ఇది చరిత్ర కాదు, ఊహ. చరిత్రకారులు నన్ను మన్నించాలి. ఆ చల్లటి నేల మీద మా పిల్ల ఎవరూ అడగకుండానే మోకాళ్ళేసి తన రెండో సగం గొణుక్కుంటుంటే ఆ ఊహ రాకుండా ఎలా ఉంటుంది?

అడగడం దగ్గరికి మళ్ళీ వస్తాను. జపమాల అయ్యాక మా ఇంట్లో ఒక్కొక్కరూ తమ మనవి చెప్పుకుంటారు. పెద్దవాళ్ళ మనవులు ఒక తీరులో ఉంటాయి: లోకశాంతి, రోగులకి స్వస్థత, చనిపోయిన ఆత్మలకి విశ్రాంతి. పిల్లలకి ఇంకా ఆ తీరు పట్టుబడలేదు. చూలుతో ఉన్న మా గేదెకి పెయ్యదూడే పుట్టాలని చిన్నది వరసబెట్టి అడిగింది. లెక్కల మాస్టారికి సోమవారం జ్వరం రావాలని పెద్దాడు ఒకసారి అడిగాడు. "అట్టా అడక్కూడదు నాయనా" అంది అత్తయ్య. "మరి మంగళవారం తగ్గిపోవాలి అని కూడా అడిగా కదా" అన్నాడు వాడు. నాకు నవ్వాగలేదు. కానీ రాత్రి పడుకున్నాక ఆలోచిస్తే, మేం లోపల్లోపల అడిగేవి మాత్రం ఏమంత గొప్పవి? వడ్లకి ఈసారి రేటు పలకాలి. హద్దు రాయి జరిపిన మనిషికి దేవుడే బుద్ధి చెప్పాలి. మరిది వీసా రావాలి. వాడు నోరు తెరిచి అన్నాడు, మేం లోకశాంతి చాటున దాచుకున్నాం. పిల్లలకి జపం నేర్పడం అని మనం అంటున్న దాంట్లో, కోరికని ఎలా దాచుకోవాలో నేర్పడం ఎంత పాలు ఉందో అని అనుమానం. అడగకూడనివి ఉన్నాయని చెప్పాలి, అది కాదనను. ఒకరికి జ్వరం రావాలని అడగడం అడగకూడనిదే. కానీ వాడి అడుగులో ఉన్న నమ్మకం మాటేమిటి? అడిగితే జరుగుతుందని నమ్మినవాడే కదా మంగళవారం తగ్గిపోవాలని కూడా జాగ్రత్తపడేది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. తెల్లారేసరికి క్యాంపులో ప్రతి ఫోనులోనూ అదే వీడియో. నిండిన జలాశయం, తెరుచుకున్న నోరు, కింద తెల్లటి నురగ. పోతున్న ఆ నీళ్ళు నాట్లు వేసిన పొలాలవి, వేయాల్సిన పొలాలవి. ఈ చివరి భూములకి కాలవ నీళ్ళు మామూలు రోజుల్లోనే ఆలస్యంగా వస్తాయి. మగవాళ్ళు గట్టు మీద గుంపులు కట్టి టీఎంసీల లెక్కలు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం నుంచి పెద్దాడి మనవి ఒక్కటే, అదీ నంబరుతో సహా: పందొమ్మిదో గేటు. ముప్పై మూడు గేట్లలో తప్పు గేటుకి దయ వెళ్ళిపోతుందని వాడి భయం. ఆగస్టు 15 మరియమాత మోక్షారోపణ పండుగ. ఆ రోజు గుడిలోనూ దానికోసమే ప్రార్థనలు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి పర్యవేక్షణలో, పారుతున్న నీళ్ళలోనే ఉక్కు స్టాప్‌లాగ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి దించారు. పండుగ వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో నీళ్ళు ఆగాయి. అత్తయ్యకి అనుమానమే లేదు, మరియమ్మ పండుగకి మరియమ్మే చేసింది. పెద్దాడికి ఉంది. "మరియమ్మ చేసిందా, కన్నయ్యనాయుడు తాత చేశాడా?" అని అడిగాడు. "ఆయన చేతులు పట్టుకుని ఆ తల్లే చేయించింది" అంది అత్తయ్య. వాడు కాసేపు గోడ వైపు చూశాడు. "మరి గొలుసు తెగేటప్పుడు గొలుసు ఎందుకు పట్టుకోలేదు?"

ఈ ప్రశ్నకి వేదాంత గ్రంథాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయని నాకు తెలుసు. యోబు గ్రంథం మొత్తం ఈ ప్రశ్నే. ఎనిమిదేళ్ళవాడికి యోబు కథ చెప్పొచ్చు, ఒంటి నిండా పుండ్లు వచ్చేదాకా. ఆ తర్వాత దేవుడు సుడిగాలిలోంచి ఇచ్చిన జవాబు, జవాబు కాకుండా తిరుగు ప్రశ్నలు కావడం వాడికి ఎలా చెప్పను? నేను తెలియదన్నాను. మా ఆయన, గొలుసు పాతదిరా, డెబ్భై ఏళ్ళది అన్నాడు. అత్తయ్య ఏమీ అనలేదు, జపమాల మడిచి డబ్బాలో పెట్టింది. మర్నాడు సాయంత్రం వాడు మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. మిగిలిన ముప్పై రెండు గేట్ల కోసం అడిగాడు. సమాధానం రాకపోయినా అడగడం ఆపలేదు. అది విశ్వాసమా, పిల్లల మొండితనమా, లేక రోజూ చేసే పని కాబట్టి చేయడమా? మూడింటికీ మధ్య గీత ఎక్కడ గియ్యాలో నాకైతే తెలియడం లేదు. గియ్యాల్సిన అవసరం ఉందా అన్నది ఇంకో ప్రశ్న.

చిన్నదాని ప్రశ్న వేరే. రోజూ రెండో సగమే చెబుతుంది కాబట్టి, ఆ చివర వచ్చే చావు మాట దాని నాలుక మీద అందరికంటే ఎక్కువగా నలుగుతుంది. ఒకరోజు తల దువ్వించుకుంటూ, "నాయనమ్మా, చచ్చిపోయే టైము అంటే ఎప్పుడు?" అంది. నేను వంటింట్లోంచి గబుక్కున రాబోయాను, మాట మార్చేద్దామని. అత్తయ్య దువ్వెన ఆపలేదు. "నీకింకా శానా ఉందిలే. నాకు దగ్గరకొచ్చింది. నువ్వు అది చెప్పినప్పుడల్లా నాకోసం చెప్పు." అంతే. చిక్కు తీసింది, జడ వేసింది, రబ్బరు బ్యాండు తగిలించింది. దానికి భయం వేయలేదు, ఏడవలేదు. ఒక పని అప్పజెప్పినట్టు తల ఊపింది. ఆ రోజు నుంచి ఆ మాట వచ్చేసరికి పక్కకి తిరిగి నాయనమ్మ వైపు చూస్తుంది. పిల్లల ముందు చావు ఎత్తకూడదని నేను చదివాను, నమ్మాను కూడా. గుడ్లగూబ అరిచిందంటేనే కిటికీ మూసేసే ఇల్లు మా పుట్టిల్లు. ఇక్కడేమో ఒక పెద్దావిడ తన చావుని మనవరాలి చేతిలో పెట్టి జడ వేస్తోంది. ఎవరు సరి అని తీర్పు చెప్పమంటే అత్తయ్య వైపే చెబుతాను. అయినా ఆ పిల్ల అలా పక్కకి తిరిగి చూసినప్పుడల్లా నేను ఇంకెటో చూస్తాను.

ఇదంతా చదివి మాది పరమ భక్తుల ఇల్లని అనుకోవద్దు. చాప మీద నిద్రలుంటాయి, గిల్లుకోవడాలుంటాయి, మా ఆయన ఫోను మధ్యలో మోగుతుంది. మోటారు కరెంటు ఎప్పుడొస్తుందో అని ఆయన చెవి ఎప్పుడూ బయటే. గురువారం వచ్చిందంటే ఇంకో పేచీ. 2002లో రెండవ జాన్ పాల్ పోపు జపమాలకి వెలుగు దేవరహస్యాలు కొత్తగా చేర్చి గురువారానికి కేటాయించారు. అత్తయ్య అది ఒప్పుకోదు. గురువారం సంతోష దేవరహస్యాలే, చిన్నప్పటి నుంచీ అంతే. సత్యోపదేశంలో కొత్త వరస నేర్చుకున్న పెద్దాడు ఆవిడని సరిచేస్తాడు. "పోపుగారికి తెలియకపోతే నేనేం చేసేది" అంటుంది. పిల్లల హడావుడి జపం చూసి నాకు కోపం వచ్చినప్పుడల్లా ఫాతిమా పిల్లల్ని తలుచుకుంటాను. 1917లో పోర్చుగల్‌లో మరియమ్మ దర్శనం పొందామన్న గొర్రెల కాపరి పిల్లలు ముగ్గురు. లూసియాకి పదేళ్ళు, ఫ్రాన్సిస్కో, జసింతా ఇంకా చిన్నవాళ్ళు. అంతకు ముందు వాళ్ళు మధ్యాహ్నం జపమాల ఎలా కానిచ్చేవాళ్ళో లూసియా తర్వాత తన జ్ఞాపకాల్లో రాసింది. త్వరగా ఆడుకోవాలని, పూసకి జపమంతా చెప్పకుండా మొదటి రెండు మాటలే అనేసి తర్వాతి పూసకి పోయేవాళ్ళట. పెద్దావిడకి తెలియకుండా మా పెద్దాడు సరిగ్గా ఇదే చేస్తాడు, ఫాతిమా కథ వినకుండానే. ఆ ఫ్రాన్సిస్కోనీ, జసింతానీ 2017లో ఫ్రాన్సిస్ పోపు పునీతులుగా ప్రకటించారు. చిన్న తెరేజమ్మగా మనవాళ్ళు కొలిచే లిజియు తెరేజా, జపమాల చెప్పడం తనకి ఎంత కష్టమో దాచకుండా రాసుకుంది. ఇవి వాడికి ఇంకా చెప్పలేదు. చెబితే వాడికి ఆయుధం దొరుకుతుంది.

నన్ను నిజంగా చికాకు పెట్టేది హడావుడీ కాదు, తప్పులూ కాదు. ఏటా ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి వెళతాం. తొమ్మిది, పది, పదకొండు తేదీల్లో క్యాంపు సగం అక్కడే ఉంటుంది. కొబ్బరికాయలు, తలనీలాలు, కొండెక్కడం అన్నీ అయ్యాక చుట్టాల ఇళ్ళల్లో దిగుతాం. అక్కడ భోజనం కంటే ముందు జరిగే తంతు ఒకటుంది. "ఏదీ, మంగళవార్త చెప్పు, చూద్దాం. కర్ణాటకలో ఉండి తెలుగు జపం వచ్చా అసలు?" పిల్లని సోఫా ముందు నిలబెడతారు. ఫోనులు పైకి లేస్తాయి. ఈసారి చిన్నది రెండో సగం మొదలుపెట్టింది, ఎవరూ అందుకోలేదు, అంతా నవ్వారు. "సగమే వచ్చా? మీ అమ్మ నేర్పలేదా?" అన్నారు. పిల్ల నా వైపు కూడా చూడలేదు, మూతి బిగించేసింది. ఇంటికొచ్చాక చాలా రోజులు చాప మీద పెదవులే కదిలాయి, గొంతు రాలేదు. చిన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే తంతు. వచ్చినవాళ్ళు చేతిలో రూపాయి పెట్టేవాళ్ళు, ఆ రూపాయి కోసం నేను ఇంకా గట్టిగా చెప్పేదాన్ని. పోతన భాగవతంలో హిరణ్యకశిపుడు కొడుకుని దగ్గరికి తీసుకుని ఏం చదువుకున్నావో చెప్పమంటాడు. గురువులు చెప్పించిందే వినాలని ఆయన ఆశ, ప్రహ్లాదుడు చెప్పింది ఇంకోటి. ఆ సన్నివేశంలో నాకు ఎప్పుడూ కొడుకు భక్తి కంటే తండ్రి సరదానే ముందు కనిపిస్తుంది. నలుగురిలో కొడుకు చేత చెప్పించుకుని మురిసిపోవాలన్న సరదా. మనందరికీ ఉన్నదే అది.

కాబట్టి ఇది చదివే అమ్మలకీ నాన్నలకీ, ముఖ్యంగా పండగలకి చుట్టాలు దిగే ఇళ్ళవాళ్ళకీ ఒక విన్నపం. పిల్లలు ఇంట్లో మీతో కూర్చుని ఏ సగం చెప్పినా చెప్పనివ్వండి. మిగతా సగం మీరు అందుకోండి, మా అత్తయ్య అందుకున్నట్టు. వాళ్ళేం అడుగుతున్నారో వినండి. అడగకూడనిది అడిగితే చెప్పండి. వచ్చినవాళ్ళ ముందు పిల్లల చేత ఏదో ఒకటి చెప్పించకపోతే తోచదంటే ఎక్కాలు చెప్పించండి, వేమన పద్యం చెప్పించండి, కర్ణాటకలో ఉంటే రెండు కన్నడ ముక్కలు చెప్పించండి. జపం మాత్రం చెప్పించకండి.